పెద్దాయన గది కర్టెన్

రేవు గోడ ఎంత ఎత్తు కట్టాలో ఇంజనీర్లు భూమి వేడెక్కి సముద్రం ఎంత పెరుగుతుందో వాతావరణ పరిశోధనశాల చెప్పే అంకెను బట్టే తేలుస్తారు. ఆ అంకె పెంచమని అక్కడి కుర్ర శాస్త్రవేత్త ఒకామె పొద్దుటి నుంచి పరిశోధనశాల పెద్దాయన దగ్గర మొత్తుకుంటోంది.

“నలభై ఏళ్ళ కొలతలమ్మా! భూమి మరీ అంత వేడెక్కదనే చెబుతున్నాయి.”

“ఆ నలభై ఏళ్ళూ మహాసముద్రం పడమటి వైపే ఎక్కువ వేడెక్కింది సార్. తూర్పున నీళ్ళు చల్లగా ఉండబట్టి, వాటి మీద మబ్బులు నిలిచి ఎండని అడ్డుకున్నాయి.”

“మంచిదేగా?”

“రేపు తూర్పు కూడా వేడెక్కితే ఆ మబ్బులు పల్చబడిపోతాయి. ఎండంతా నీళ్ళలోకే దిగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.”

“రేపటి సంగతి రేపు చూద్దాం.”

“గోడ కట్టేది రేపటి కోసమే కద సార్!”

“నా బుర్ర తినకు. ఇన్నేళ్ళుగా ఈ గదిలోనే కూర్చుంటున్నా. నాకెప్పుడూ ఉక్కపోయలేదే?”

ఆమె విసురుగా లేచి కిటికీ కర్టెన్ పక్కకి లాగేసింది. ఎండ సూటిగా ఆయన మొహాన పడింది.

“అబ్బా, మాడిపోతున్నాను! కర్టెన్ వెయ్యి తల్లీ!”

“సముద్రానికి కర్టెన్ ఆ మబ్బులే సార్. అవి పోతే మళ్ళీ వెయ్యడానికి, మీకు నేనున్నట్టు దానికెవరున్నారు?”

ఆయన కుర్చీని నీడలోకి జరుపుకున్నాడు.

“అర్థమైందమ్మా. ఇక్కడ చల్లగానే ఉంది, పాత అంకే ఉంచు.”