అత్తగారి నారు తేలిన రోజు

“నల్లమబ్బు దిగొచ్చి నారు తడిపిందే, ఓ లచ్చమ్మా, నారుమడి కాడెవరో నవ్విపోయారే...” ఆ తర్వాత ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. పోన్లెండి. ఈ పాటెత్తి నాట్లేసేవాళ్లలో నూకాలని ఒక కొత్తకోడలు ఉండేదంట. పుట్టింటి నుంచి ఎర్రపెట్టనొకదాన్ని చంకలో పెట్టుకుని కాపురానికొచ్చింది. అత్తింట్లో ఆ పిల్లకదే తోడు. ఏమైందంటే, ఒకరోజు పొద్దున్నే ఆ పెట్ట గంప కింద లేదు. అత్త పైడమ్మ నడుం మీద చెయ్యేసుకుని, “నిన్న మీ అన్నొచ్చాడు కదా, చాటుగా వాడి చేతికిచ్చి పంపేశావు. పుట్టింటికి మోసేదానికి ఈ ఇంట్లో కూడు లేదు. సాయంత్రంలోగా ఒప్పుకో, లేదంటే మూట సర్దుకో” అనేసిందంట. చూడండి మరి, కోడీ పిల్లదే, నిందా పిల్ల మీదే!

నూకాలు అత్త మొహంలోకి చూసిందంట. అబద్ధమాడేవాళ్లు చూపు తప్పిస్తారనీ, చెవి గోక్కుంటారనీ, గుటకలేస్తారనీ వాళ్లమ్మ చెప్పిందిలెండి. పైడమ్మ రెప్పైనా ఆర్పితేనా! సున్నం కొట్టిన గోడే అనుకోండి. పైగా, “ఏమే, నా మొహంలో కోడి కనపడుతోందా?” అందంట.

సరే, ఇద్దరూ నాట్లకి పోయారు. మీకు తెలుసుగా, నాట్లలో అందరూ వంగి వెనక్కి వెనక్కి జరుగుతారు. మొహాలు కనపడవు, చేతులే కనపడతాయి. పైడమ్మ నాటిందంటే దారం లాగి కట్టినట్టుండేది వరస. పక్క వరస నూకాలు పట్టింది. ఉండబట్టలేక, “అత్తా, పొద్దున గంప ఎత్తిందెవరు?” అని అడిగింది. “నాకేం తెలుసే!” అంది పైడమ్మ. గొంతు మారలేదు గానీ, బొటనవేలు బురదలోకి దిగలేదు. నాలుగు మొక్కలు తేలినాయి. పిల్ల చూసింది. చూసి, “ఈ ఏడు వానలు బాగున్నాయి కదత్తా?” అంది. “బాగున్నాయి.” మొక్క నిలబడింది. “మామకి దగ్గు తగ్గిందా?” “తగ్గింది.” నిలబడింది. “పెట్ట అరుపు వినపడలేదా అత్తా?” “లేదన్నానా!” తేలింది! పిల్లకి నవ్వాగదు, ఏడుపూ ఆగదు. ఇంక వానకొకటి, దగ్గుకొకటి, కోడికొకటి, పొద్దు వాలేదాకా అడగతానే ఉందంట.

పనయ్యాక నాట్ల మేస్త్రి సన్యాసమ్మ నడుం నిలబెట్టి చూసి, “ఓలమ్మో పైడమ్మా! నీ వరసలో గేదె దొర్లిందేమిటే?” అంది. “లేదు పిన్నీ, మొక్క తేలిన చోటల్లా నేను కోడి సంగతి అడిగాను” అంది నూకాలు. మడి మడంతా గొల్లుమంది. పైడమ్మ తన చేతుల్ని, ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుందంట. “కూతురికి నెల తప్పింది, కోడికూర మీద మనసైందని కబురంపింది. అడిగితే నువ్విస్తావా ఏంటి?” “అడిగి చూడకపోయావా అత్తా!” అని పిల్ల ఆ బురద చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చేసింది. “ఏడవకే తల్లీ, ఇంకా కొయ్యలేదు, ఆదివారం దాకా కట్టేసుంచారు” అంటా పైడమ్మ కాళ్లైనా కడుక్కోకుండా పక్కూళ్లో కూతురింటికి పరిగెత్తిందంట. పెట్టని తెచ్చి కోడలి ఒళ్లో పెట్టి, తన పుంజుని కూతురికి పంపింది.

నూకాలు ముగ్గురు కోడళ్లకి అత్తయ్యాక నేను చూశాను. “నువ్వెప్పుడూ కోడళ్ల దగ్గర అబద్ధమాడలేదా పెద్దమ్మా?” అన్నాను. నవ్వి నా చెయ్యి పట్టుకుంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే: “ఎందుకాడనే! ఆడిన రోజు నాట్లకి పోయేదాన్ని కాదు.”