నలభై నూట ఐదు అయిన సంగతి

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు. బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున మా ఇల్లు. నా కొడుకు కూతురు బిందు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నేను ఆ పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని ఎండు నెత్తళ్ల చేపలు ఏరుతున్నాను.

"అవ్వా, దీన్ని ఎవురు ముట్టుకున్నారు?"

"దేన్ని?"

"ఈ కంప్యూటర్ని."

"కోడి ఎక్కిందేమో. పొద్దున తలుపు బార్లా తీసి పెట్టి పొయ్యినావు గదా."

"కోడి అంకెలు మారస్తాదా?"

"ఏం అంకెలు? చెడిపొయ్యిందా ఏంది?"

"చెడిపోలా. బాగుండాది. అదే నా అనుమానం."

"బాగుంటే అనుమానమేందే పిచ్చిదానా. నీ వయసుకు నేను..."

"ఆగవ్వా. నా లెక్క ప్రకారం నేను చేసే ఈ కట్టబొయ్యే ఇంటి బొమ్మల వీడియో ఐదూ రెండు నిమిషాలకు పూర్తవ్వాల. ఇప్పుడు చూస్తే నాలుగూ యాభై ఐదుకే అయిపోతాదని చూపిస్తా ఉండాది."

"మంచిదే గదా. ఐదులోపల పంపించాలంటివి."

"పంపించాల. ఐదు కొట్టినాక ఈ పని ఇచ్చిన అబిగయీలు మేడమ్ ఒక్క నిమిషం కూడా ఆగదు. టయానికి అందితే నెల నెలా పని ఇస్తానింది. నెల్లూరు పోనక్కర్లా, ఈడ కూర్చునే చేసుకోవచ్చు. అందకపోతే రేపు పొద్దున రొయ్యల షెడ్డు వ్యాను ఎక్కాల్సిందే నేను."

"ఆ వ్యాను మాట ఎత్తబాక. ఐసులో నాని నాని నీ వేళ్లు ఎట్ట అయినాయో మరిచిపొయ్యినావా. అన్నం కలుపుకోలేక చెంచా అడిగినావు నన్ను."

"మరిచిపోలా. అందుకే ఎవురు ముట్టుకున్నారో చెప్పమంటా ఉండాను."

"నాకేం తెలుసు. నేను నెత్తళ్లు ఏరుకుంటా ఉండాను."

"ఇప్పుడు కాదు. ఇన్ని రోజుల్లో."

"ఇన్ని రోజులూ ఏరుకుంటానే ఉండాను. ఈ సారి అన్నీ ఇసకే. వీటిని అమ్మిన చెంచులక్ష్మి వల పరవకుండా నేల మీదనే ఎండబోసింటాది, దాని అలవాటే అంత. వాళ్లమ్మా అంతే..."

"అవ్వా. ఈ పెట్టెలో బొమ్మలు గీసే కార్డు ఉండాది చూడు. కంపెనీవాళ్లు పెట్టిన స్పీడు మీద నేను నలభై పెంచినాను. పుస్తకంలో రాసి కూడా పెట్టినాను. ఈ పొద్దు తెరిచి చూస్తే నూట ఐదు ఉండాది."

"నువ్వే పెంచి మరిచిపొయ్యింటావు."

"నేనా? ఇదో చూడు పుస్తకం. మొదట పదిహేను పెంచినాను, గంటసేపు నడిపినాను. ఇంకో పదిహేను, ఇంకో గంట. ఆపైన పది. నలభై చాల్లే అని గీత గీసి పెట్టినాను."

"ఏం చాల్లే అనుకున్నావు? ఇంకా పోతాదేమో చూడొచ్చు గదా."

"భయమేసింది. ఎక్కువ తోస్తే మధ్యలో ఆగిపోతాది. బొమ్మల్లో చుక్కలు పడతాయి. అది పాత కార్డు, చెడిపోతే ఇంకోటి తెచ్చుకునే స్థితి మనకు లేదు."

"భయం ఉండాల్లే. మన గంగులయ్యకు అది లేకనే గదా. వాడు బోటు ఇంజన్ విప్పించి, లోపలంతా కొత్త సామాను వేయించినాడు. మొదటి రోజే అందరికంటే ముందు పోవాలని ఆక్సిలేటర్ నిండా ఇచ్చినాడు. ఒడ్డు కనపడనంత దూరం పొయ్యినాక ఇంజన్ బిగుసుకుపొయ్యింది. రెండు రోజులు ఐసుపెట్టెలో కరిగిన నీళ్లు తాగి బతికినారు నలుగురు. చేపల కంపు నీళ్లు. గంగులయ్య ఇప్పటికీ ఐసు వేసిన సోడా తాగడు."

"ఇప్పుడు గంగులయ్య తాత కథ ఎందుకవ్వా?"

"కథ కాదే. మీ తాత అట్ట చెయ్యలా. మాలకొండయ్య అంటే మాలకొండయ్యే. కొత్త సామాను వేస్తే పది రోజులు బోటు నింపాదిగా నడిపేవాడు. రోజుకు ఇంత, వేలెడు వేలెడు పెంచేవాడు. తిరిగొచ్చినాక ఇంజన్ మీద నా చెయ్యి పెట్టించేవాడు, 'నీ అరచెయ్యి మెత్తన, నీకు బాగా తెలస్తాది' అని. ఇరవై లెక్కపెట్టేదాకా చెయ్యి ఓర్చుకుంటే రేపు ఇంకొంచెం. ఓర్చుకోలేకపోతే అంతే, ఆడికి ఆపు."

"అదేనవ్వా, ఇదీ అంతే. వేడి చూసుకోవాల. ఎనభై దాటకూడదు. ఇప్పుడు డెబ్బై నాలుగు ఉండాది."

"డెబ్బై నాలుగంటే దానికేం కాదులే."

"దానికేం కాదని నీకెట్ట తెలుసు?"

"ఎనభై దాటకూడదని నువ్వే అంటివి గదా ఇప్పుడు. అంకెలు కూడా రావనుకున్నావా నాకు? రేవులో చేపల వేలంపాటలో నలభై ఏళ్లు నిలబడినాను."

"సరేలే. మధు అన్నకు స్పీకర్‌లో ఫోన్ చేస్తా ఉండాను."

"ఎవురు, ఆ కావలి అంగడాయనా? కార్డు అమ్మినాయన? చెయ్యి, చెయ్యి. నాకు ఆయన మీదనే అనుమానం. వచ్చిన రోజు ఇల్లంతా చూసినాడు."

"ప్లగ్గు యాడ ఉండాదా అని చూసినాడు అవ్వా. హలో, మధు అన్నా? నేను బోగోలు బిందుని. నువ్వు దూరం నుంచి నా కంప్యూటర్‌లోకి ఏమన్నా వచ్చినావా?"

"నీ కంప్యూటర్‌లోకా? నేనెందుకు వస్తాను బిందూ. ఈడ మా అంగట్లో నాకే కూర్చునేదానికి చోటు లేదు."

"గట్టిగా అడగవే. ఊరికే ఒప్పుకుంటారా."

"ఎవరమ్మా అది?"

"మా అవ్వ. పట్టించుకోబాక అన్నా. నేను నలభై దగ్గర పెట్టిన స్పీడు నూట ఐదు అయ్యుండాది. దానంతట అది పెరగతాదా?"

"పెరగదు. ఎవురో పెంచితేనే పెరిగేది. కరెంటు వోల్టేజి అంకె గూడా మార్చినారా?"

"లేదు. అది ముట్టుకోలా."

"అయితే తెలిసినోళ్లే. తెలియనోళ్లు ముందు దాన్నే కెలుకుతారు. బొమ్మలు ఎట్ట ఉండాయి?"

"బాగుండాయి. పోయిన శనివారం ఒక్క బొమ్మలో తెల్లచుక్కలు పడినాయి. మళ్లీ చేస్తే పోయినాయి. ఆ తర్వాత లేవు."

"ఎన్ని రోజులుగా నూట ఐదు మీద నడస్తా ఉండాది?"

"అదే తెలీదన్నా."

"అదే తెలియాల. నాలుగు రోజులుగా ఆ అంకె మీదనే నడిచి, ఏమీ కాకుండా ఉంటే నిశ్చింతగా వదిలెయ్. ఈ పొద్దే ఎవురన్నా ఒక్కసారిగా పెంచి ఉంటే మాత్రం నలభైకి దించు. గంటో రెండు గంటలో కాగినాక ఆగిపొయ్యిందంటే, మళ్లీ మొదలుపెట్టేదానికే అరగంట పోతాది నీకు."

"దించితే ఐదు దాటతాది అన్నా. రెండు నిమిషాలు."

"ఆ మేడమ్‌ని బతిమాలుకో మరి. ముందు ఎవురు పెంచినారో వాళ్లని పట్టుకుని అడుగు, వాళ్లకే తెలుస్తాది. ఉంటా, అంగట్లో జనం ఉండారు."

"పెట్టేసినాడా?"

"పెట్టేసినాడు. విన్నావు గదా, ఆయన కాదు."

"కాదని ఆయన చెప్తే సరిపోతాదా? పోనీలే, ఆయన కాకపోతే పెంచల్. మొన్న చార్జర్ కావాలని వచ్చి ఈడనే నిలబడినాడు. ఏదో ఒకటి నొక్కింటాడు."

"పెంచల్ బావా?"

"బావే. చేతులు ఊరికే ఉండవు వాడికి."

"బావ వచ్చింది చార్జర్ కోసం కాదు, నీకు చందువా చేప ఇచ్చిపోదామని. గుమ్మంలోనే నిలబడి పొయ్యినాడు. వాడి మీద ఎందుకు పెడతావు?"

"నేనేం పెట్టలా. అనుమానం అన్నాను."

"మధు అన్న మీద అనుమానం, బావ మీద అనుమానం. ఆఖరికి కోడి మీద కూడా. ఈ ఇంట్లో ఉండేది మనిద్దరమే అవ్వా."

"మీ నాయన ఉండాడు."

"నాయన వేటకు పోయి ఎనిమిది రోజులైంది."

"అయితే ఏమో మరి. ఈ పక్క కొంచెం జరుగు, వెలుగు పడటంలా. ఇసకేదో, నెత్తళ్లేవో తెలీటంలా."

"ఇంతసేపట్లో ఒక్క చేప కూడా ఏరలేదు నువ్వు. చాట అట్టనే ఉండాది."

"కళ్లు కనపడటం లేదంటా ఉంటే."

"సరే, నేను దించేస్తా ఉండాను."

"దించితే ఐదు దాటతాదంటివే."

"దాటనీ. మధ్యలో ఆగిపోతే అసలు పోతాది. ఎవురు పెంచినారో, ఎప్పుడు పెంచినారో తెలీకుండా మూడు గంటలు దాని మీద ఎట్ట వదిలిపెట్టేది? రెండు నిమిషాలు ఆలస్యమైందని మేడమ్ కాళ్లు పట్టుకుంటాను. ఒప్పుకోకపోతే వ్యాను ఎక్కుతాను."

"ఆ మేడమ్ ఒప్పుకుంటాదా?"

"ఒప్పుకోదు."

"అయితే దించబాక."

"ఎందుకు?"

"దించబాక అంటా ఉండాను. ఆ కింది బాణం మీద నుంచి చెయ్యి తియ్."

"ఏ బాణం?"

"అదే... ఆ అంకె పక్కన ఉండేది."

"అవ్వా, నా వైపు చూడు."

"చూస్తానే ఉండాను."

"చాట చూస్తా ఉండావు. నా మొహం చూడు. బాణం నొక్కితే అంకె మారుతాదని నీకెట్ట తెలుసు?"

"నువ్వు చేస్తా ఉంటే చూసినాను. చూస్తే తప్పా?"

"చూస్తే తప్పు కాదు. నొక్కినావా?"

"ఊరికే కాదే. నువ్వు అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని దాని మొహం చూస్తా కూర్చుంటివి, ఎప్పుడు పూర్తవతాదా అని. రెండు పూటలు అట్టనే చల్లారిపొయ్యింది అన్నం. అది కొంచెం తొందరగా కదిలితే ఈ బిడ్డ ఇంత తింటాది గదా అనుకున్నాను. అంతే."

"అవ్వా, తిట్టను. ప్రమాణంగా తిట్టను. ఒక్కటి చెప్పు. ఒక్కసారి పెంచినావా?"

"నేనేమన్నా గంగులయ్యనా?"

"మరి?"

"నువ్వు నీళ్లకు పొయ్యినప్పుడు రోజుకు ఒక్క ఐదు. నువ్వు చేసినట్టే, అంకె మార్చి పక్కన ఆ టిక్కు గుర్తు నొక్కేదాన్ని. వేరే దేని జోలికీ పోలా. నువ్వు పని చేసుకుంటా ఉంటే ఈ పెట్టె మీద చెయ్యి పెట్టి కూర్చునేదాన్ని."

"చలికాచుకుంటా ఉండావు అనుకున్నాను నేను."

"ఈ ఎండల్లో చలేందే."

"అయితే నూట ఐదుకు ఎప్పుడు వచ్చింది? నిన్ననా? మొన్ననా? సరిగ్గా చెప్పవ్వా, దాన్ని బట్టే ఉండాది."

"నూట ఐదు ఎక్కి దాటి, పోయిన శనివారానికి నూట పదిహేను దాకా పొయ్యినాను. ఆ పూటే నీ బొమ్మలో తెల్లచుక్కలు పడినాయి. నువ్వు ఏడస్తా మళ్లీ చేసుకోబోతే, నువ్వు మొహం కడుక్కుని వచ్చేలోపల రెండు ఐదులు కిందికి దించి పెట్టినాను. ఆ రోజు నుంచీ, ఈ నాలుగు రోజులూ, దాన్ని ముట్టుకోలా."