మూత లోపలి గీత

నా పేరు వెంకటేశప్ప. మా నాయన కీర్తిశేషులు నారాయణప్ప. వయసు యాభై ఎనిమిది. కాపురం శ్రీరాంపురం. అవెన్యూ రోడ్డు పక్క సందులో ముప్పై మూడేళ్లుగా గడియారాలు బాగుచేస్తాను. ఈ దినం, 1984 అక్టోబరు 17, బుధవారం, ఉదయం పదీ పది నిమిషాలకు ఠాణాకు వచ్చినాను. మీ గోడ గడియారంలో అప్పుడు పదీ ఆరు. అది నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది. ఇన్‌స్పెక్టరు గారు నవ్వినారు గానీ అట్లే రాయమన్నాను. నేను తెలుగులో చెబుతుంటే రైటరు గారు రాసుకుంటున్నారు. టీ ఇచ్చినారు. వద్దన్నాను.

నా మీద ఫిర్యాదు ఇచ్చింది చెన్నరాయప్ప గారు. అంతరిక్షానికి పోయినవాడు కట్టుకున్నదని ఏలంలో ఆయనకు అమ్మిన చేతి గడియారం దొంగ సరుకని, అది నిజమైనదని నలుగురిలో నిలబడి చెప్పింది నేనని ఆ ఫిర్యాదు. చెప్పింది నేనే. కాదనను.

ముందు మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి, లేకుంటే తక్కినది అర్థం కాదు. గడియారం బాగుచేసి వెనక మూత వేసే ముందు, మూత లోపలివైపు సూదితో మా గుర్తు, నెల, సంవత్సరం సన్నగా గీస్తాము. కట్టుకున్నవాళ్లకు అది ఎప్పటికీ కనపడదు. మళ్లీ ఎవరైనా పనివాడు మూత విప్పితే, ముందు ఎవరు చేసినారు, ఎప్పుడు చేసినారు అని వాడికి తెలుస్తుంది. మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. గీత పెట్టని పని దిక్కులేని పని అనేవాడు. నా గుర్తు ‘వెం’, దాని కింద అడ్డగీత. మా సందులో ఒకరి గుర్తు ఒకరికి తెలుసు.

ఈ సంవత్సరం ఫిబ్రవరి 6, సోమవారం, సాయంత్రం నాలుగున్నరకు ఓబళప్ప గారు నా అంగడికి వచ్చినారు. ఆయన రిచ్‌మండ్ టౌనులో ఏలం హాలు నడుపుతారు. పాత బంగళాల సోఫాలు, పియానోలు, పింగాణీ అమ్ముతారు. ఆయన తెచ్చింది నల్ల డయలు ఉన్న విదేశీ గడియారం, పెద్ద డయల్లో మూడు చిన్న డయళ్లు. ఆగిపోయింది. ఎవరిదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. లోపల నూనె ఎండిపోయి బంకగా ఉండింది. విప్పి, కడిగి, నూనె వేసి, ఏడు దగ్గర రాలిపోయిన రేడియం చుక్క కొత్తది పెట్టి, మూత లోపల గీత గీసి, 11వ తేదీ శనివారం ఇచ్చినాను. కొత్త చుక్క పాతవాటికన్నా కొంచెం పచ్చగా వచ్చింది. పనంతా నేనే చేసినాను. మా అమ్మాయి భాగీరథికి ఏమీ తెలియదు. ఆమె పీణ్యలో ఒక గడియారాల ఫ్యాక్టరీలో పని చేస్తుంది.

ఏప్రిల్‌లో మనవాడు అంతరిక్షానికి పోయి వచ్చినాడు. ఊరంతా అదే మాట. మా సందులో క్షౌరశాల గోడకు కూడా రాకెట్టు బొమ్మ అంటించినారు. చెన్నరాయప్ప గారికి ఆ పిచ్చి ముందునుంచే ఉంది. పట్టు వ్యాపారం ఆయనది. విమానాలు నడిపినవాళ్లవి, కొండలెక్కినవాళ్లవి, పదకొండు గడియారాలు అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. బీరువా తెరిచేటప్పుడు చెప్పులు విడుస్తారు. నెలకొకసారి అన్నిటికీ కీ ఇచ్చేది నేనే. “ఆకాశం దాటి పోయొచ్చింది ఒకటి దొరకాల వెంకటేశప్పా, ఒక్కటి చాలు” అనేవారు. ఆయన నన్ను నమ్మినారు. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆగస్టు 12, ఆదివారం, ఉదయం పదింబావుకు ఓబళప్ప గారు కారు పంపి నన్ను హాలుకు పిలిపించినారు. ముప్పై నలభై మంది ఉన్నారు. ముందు వరసలో చెన్నరాయప్ప గారు. బల్ల మీద పచ్చ మఖమలు గుడ్డలో గడియారం. పక్కన ఫ్రేము కట్టిన ఇంగ్లీషు కాగితం. ఫలానా వ్యోమగామి 1973లో దీన్ని కట్టుకుని అంతరిక్షానికి పోయినాడు, దిగి వచ్చినాక దీని మూత ఎవరూ విప్పలేదు అని అందులో ఉందని చదివి చెప్పినారు. ఆ పేరు నాకు నోరు తిరగదు. అద్దం కంటికి పెట్టుకుని చూసినాను. ఏడు దగ్గర పచ్చ చుక్క. ఫిబ్రవరిలో నా అంగడికి వచ్చిన గడియారమే.

ఓబళప్ప గారు నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి మాట్లాడినారు. పదకొండుకు బయటికి వచ్చి, ఓబళప్ప గారి కుర్చీ పక్కన నిలబడి, “సరుకు అసలుదే, మూత విప్పలేదు” అన్నాను. చెన్నరాయప్ప గారు నా మొగం చూసి చెయ్యెత్తినారు. ఇద్దరు ముగ్గురు పోటీకి వచ్చి దిగిపోయినారు. ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు. ఆయన పేరున సుత్తి పడింది. బయటికి వచ్చి నా భుజం తట్టి, “నువ్వు చెప్పినావు గాబట్టి తీసుకుంటిని” అన్నారు. వెనక గదిలో ఏమన్నారని ఇన్‌స్పెక్టరు గారు అడిగినారు. భయపెట్టినారు. దేనికి భయమంటే జవాబు చెప్పలేను. భాగీరథికి ఏమీ తెలియదు.

ఆయుధ పూజకు చెన్నరాయప్ప గారు గడియారాలన్నీ దించి కుంకుమ పెట్టినారు. కీ ఇచ్చినా ఈ గడియారం నడవలేదు. ఆ రోజు మా అంగడి మూసి ఉండింది. ఆయన ఆత్రం పట్టలేక ఎదురు సందులో గడియారాలు చేసే సొన్నప్ప దగ్గరికి తీసుకుపోయినారు. సొన్నప్ప మూత విప్పి, చూసి, ఏలం సంగతి తెలియక సంతోషంగా, “ఇది మన వెంకటేశప్ప గీత గదా! ఫిబ్రవరిలో చేసినాడు” అన్నాడంట. వాడి తప్పేమీ లేదు. ఒకరి గుర్తు ఒకరు చదవడం మా పనిలో మర్యాద.

ఇక ఓబళప్ప గారు మీ దగ్గర ఇచ్చిన వాంగ్మూలం నాకు చదివి వినిపించినారు. గడియారం, కాగితం రెండూ నేనే తయారుచేసి ఆయనను మోసం చేసినానంట. నాకు ఇంగ్లీషులో అంకెలు తప్ప రావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గీత నాది కాదంటే ముప్పై మూడేళ్ల నా పని నాది కాదనాలి. నాదంటే దొంగనవుతాను. గీత నాదే అన్నాను. గీసింది నేనే అన్నాను. భాగీరథికి ఏమీ తెలియదు, ఆమె ఫ్యాక్టరీలో పని చేస్తుంది.

పన్నెండూ ఇరవైకి ఇన్‌స్పెక్టరు గారు ఆ గడియారం మూత, భూతద్దం, ఒక కొత్త రేకు మూత, సూది నా ముందు పెట్టినారు. మూతలో గీత వెంట్రుక మందాన, ఎక్కడా తెగకుండా ఉంది. “గీయండి, వెంకటేశప్పా. అక్షరం కలిస్తే మీదే అని రాసుకుంటాము” అన్నారు. మంచి మాటే అన్నారు. నేను చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాను. కంటి చూపు ఆనడం లేదన్నాను. దీపం దగ్గరికి జరిపినారు. సూది తీసుకున్నాను. మొదటిసారి జారి రేకు అంచుకు పోయింది. రెండోసారి ‘వ’ మొదలుపెట్టి నిలిచిపోయినాను. మూడోసారి సూది బల్లకు తగిలి కిందపడింది. నా ఎడమ చేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకున్నాను. రెండూ వణికినాయి.

ఇన్‌స్పెక్టరు గారు నేను ముట్టని, చల్లారిన టీ గ్లాసు వైపు చూసినారు. “ఎన్నాళ్లుగా?” అన్నారు. రెండు సంవత్సరాల నాలుగు నెలలు అన్నాను.

ఇక దాచి ప్రయోజనం లేదు గనుక చెబుతున్నాను. నా చేయి చెడిన తర్వాత అంగడిలో గడియారం తీసుకుని, గిరాకీ ముందర మూత విప్పి చూసినట్టు చేసి, సోమవారం రమ్మని ఇంటికి తెస్తాను. తెల్లారి ఐదింటి నుంచి ఫ్యాక్టరీ బస్సు వచ్చే ఆరూ ముప్పావు దాకా భాగీరథి కూర్చుని చేస్తుంది. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నేర్చింది. బయటి గడియారం ముట్టుకుంటే ఉద్యోగం తీసేస్తామని ఫ్యాక్టరీలో సంతకం పెట్టించుకున్నారు. ఏడేళ్లుగా తాత్కాలికం. వచ్చే జనవరిలో పర్మనెంటు చేస్తామని చెప్పినారు. ఆ ఫిబ్రవరిలో ఆ గడియారం చేసింది ఆమె. ఎవరిదో ఆమెకు నేను చెప్పలేదు, నాకే తెలియదు. అంగడి పని గనుక అంగడి గుర్తు గీసింది. చూసి, నాకన్నా బాగా గీసినావే అన్నాను కూడా.

వెనక గదిలో నేను, “ఇది ఫిబ్రవరిలో మా ఇంట్లో విప్పిన గడియారం గదా స్వామీ” అన్నాను. ఓబళప్ప గారు తలుపు వేసినారు. “నీ చెయ్యి వణికేది నాకు తెల్దా? సూది పట్టేది గూడా చేతగాదు నీకు. మీ పాప చేసిండాది. ఫ్యాక్టరీకి ఒక కార్డు రాస్తే చాలు, ఉద్యోగం పోయి బీదిలో నిలబడుతుంది” అన్నారు. అక్కడి నుంచి బయటి కుర్చీకి పదకొండు అడుగులు. దొంగకు తేలు కుట్టినట్టు నడిచినాను.

నేను ఈ మాటలు చెబుతుండగా రైటరు గారి కలం ఆగింది. భాగీరథి వాకిట్లో నిలబడి ఉంది. పొద్దున్నుంచి బయటి బల్ల మీద కూర్చుంది, ఫ్యాక్టరీ నీలం చీరలోనే. నేను పొమ్మన్నా పోలేదు. సూది కిందపడిన చప్పుడు విని వచ్చిందంట. ఎవరూ పిలవలేదు. వంగి సూది తీసింది.

“లోపలికి రావద్దు పాపా. నీకు ఏమీ తెలీదని రాయించినాను” అన్నాను.

“ఇట్ల ఇయ్యి నాయనా” అని రేకు మూత తన వైపు తిప్పుకుంది. నిలబడే గీసింది. ఊపిరి బిగబట్టి ఒక్క వరసలో ‘వెం’, కింద అడ్డగీత, నెల, సంవత్సరం. ఇన్‌స్పెక్టరు గారు భూతద్దం పెట్టి రెండూ పక్కపక్కన చూసినారు. అక్షరం కలిసింది.

“పని నాది సార్. విప్పినాము, కడిగినాము, మూసినాము, పేరు పెట్టినాము. దొంగపని చేసేటోళ్లు లోపల తేదీ ఏసి పేరు పెట్టుకుంటారా?” అంది.

ఇన్‌స్పెక్టరు గారు ఆ మాట కూడా రాసుకోమన్నారు. ఓబళప్పను మళ్లీ పిలిపిస్తామన్నారు. ఈ కాగితం కోర్టుకు పోతుంది, ఫ్యాక్టరీ వాళ్లు అడిగితే చూపకుండా ఉండలేము అని కూడా అన్నారు. ఆమె తల ఊపింది. అప్పుడు ఒంటిగంటా ఐదు. రెండో షిఫ్టు బస్సు శ్రీరాంపురం దాటి ఉంటుంది.

భాగీరథికి ఏమీ తెలియదని పైన మూడు చోట్ల చెప్పినాను. ఆ మూడూ కొట్టేయమని అడిగినాను. రాసింది కొట్టేయడానికి లేదన్నారు. అయితే అవి అబద్ధమని ఇక్కడ రాయండి. పని నేనే చేసినాను, గీసింది నేనే అన్నవీ అబద్ధం. చెన్నరాయప్ప గారి ముందర సభలో చెప్పింది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. దానికి శిక్ష నాకు వేయండి. మిగిలిందంతా జరిగింది జరిగినట్టు చెప్పినాను. చదివి వినిపించినారు, విన్నాను. నాకు సంతకం వస్తుంది. చెయ్యి నిలవనందున వేలిముద్ర వేస్తున్నాను.

ఎడమ బొటనవేలి ముద్ర: వెంకటేశప్ప

ముద్ర చెదరకుండా మణికట్టు పట్టుకున్నవారి సంతకం: వి. భాగీరథి, 17-10-84, ఒంటిగంటా ఇరవై రెండు (ఠాణా గడియారంలో ఒంటిగంటా పద్దెనిమిది)