పెద్ద గరిటె

ఏడంతస్తుల కొత్త భవనంలో రెండు లిఫ్టులకూ ఆ రోజు ఆఖరి పరీక్ష. ఒక లిఫ్టులో కంపైలర్లు రాసే బావ, ఆ లిఫ్టులకు ప్రోగ్రాం రాసిన బావమరిది ఇరుక్కుపోయారు. పరీక్ష నడిపిస్తున్నావిడ ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. లోపలున్న ఇద్దరికీ గోడలోని స్పీకర్లోంచి ఆవిడ గొంతు మాత్రమే వినబడుతోంది.

“...ఆ బటన్ ఇంకోసారి ముట్టుకున్నావంటే వేలు విరిచేస్తా.”

“ముట్టుకోకపోతే ఎలా కదుల్తుంది బావా?”

“కదలకూడదనే ముట్టుకోవద్దంటున్నా! పైనుంచి ఒకటో అంతస్తుకి దించమంటే దాన్ని దాటేసి, తలుపు తీస్తే గోడ కనబడేలా ఆగింది. నువ్వు రాసింది లిఫ్టు ప్రోగ్రామా, ఉయ్యాల ప్రోగ్రామా?”

“రాయడం వరకే నాది. దాన్ని మెషీన్ భాషలోకి దించింది నీ కంపైలర్.”

“వచ్చావూ! ఇంకా నా కంపైలర్ మీదికి రాలేదేమిటా అని చూస్తున్నా.”

“రానా మరి? నిన్నటిదాకా బంగారంలా నడిచింది. ఇవాళ పొద్దున నీ కొత్త కంపైలర్‌తో మళ్ళీ తయారుచేశాం. ఇదిగో, ఇలా వేలాడుతున్నాం.”

“ఆగాగు. ఏంటా చప్పుడు?”

“బ్రేకు.”

“బ్రేకు ఎందుకు అరుస్తోంది?”

“జారుతోంది. కొత్తది కదా, ఇంకా పట్టు కుదరలేదు.”

“అంత తీరిగ్గా చెప్తావేంట్రా!”

“తీరిగ్గా కాదు బావా, నోరెండిపోయి మెల్లగా వస్తోంది మాట. కింద గొయ్యి ఉంటుంది, అందులో స్ప్రింగులుంటాయి. పడితే వాటి మీదే.”

“స్ప్రింగుల మీద పడితే?”

“పరుపు మీద పడ్డట్టుండదు.”

“మీ ఇద్దరి సరసం అయిందా? నేను మాట్లాడొచ్చా?”

“అక్కా! ఎక్కడున్నావ్? మెకానిక్ వచ్చాడా?”

“ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఇవాళ అందరికీ ఇరుక్కునే యోగమే ఉంది.”

“నువ్వు పైన మోటారు గదిలోనే ఉన్నావా?”

“ఉన్నచోటే ఉన్నాను. లాప్‌టాప్ ఒళ్ళో ఉంది. రెండు లిఫ్టులకీ ఇక్కణ్ణుంచే ఆర్డర్లు పంపొచ్చు.”

“నీ గొంతేమిటే, డబ్బాలోంచి వస్తున్నట్టుంది?”

“స్పీకరు డబ్బాలోంచి రాక వీణలోంచి వస్తుందా అండీ? పనికొచ్చే మాట చెప్పండి. మీరు కింది అంతస్తుకి ఇంచుమించు ఒక మీటరు పైన ఉన్నారు. ‘ఒక మీటరు దిగు’ అని పంపితే తలుపు దగ్గరికి వచ్చేస్తారు. పంపనా?”

“పంపు అక్కా, తొందరగా!”

“నిన్ను కాదు, మీ బావని అడుగుతున్నా. ఏమండీ, పొద్దున మారింది మీ కంపైలర్ ఒక్కటే. దాని మీద మీకేమైనా అనుమానముందా?”

“అనుమానమా? నాకా? ఒరేయ్, ఆ ఆర్డరు మోటారు బోర్డుకి ఎలా వెళ్తుంది?”

“చిన్న మెసేజీ బావా. దాన్ని బోర్డు మెమరీలోకి కాపీ చేస్తాను. అంతే.”

“ఎంత పొడుగు?”

“ఇరవై మూడు బైట్లు.”

“ఇరవై మూడా?”

“ఏమైంది బావా?”

“ఏమీ కాలేదు.”

“ఇరవై మూడు అనగానే మొహం మాడిందేం?”

“లైటు అలా పడుతోంది.”

“లైటు నా మీదా పడుతోంది. నా మొహం...”

“నీ మొహం ఎప్పుడూ అంతే. నువ్వు పంపవే. కంపైలర్‌లో ఏ తేడా లేదు.”

“ఖచ్చితంగానా అండీ? సాయంత్రం మీ కొత్త కంపైలర్ విడుదలుంది. అది మనసులో పెట్టుకుని మాట్లాడటం లేదు కదా?”

“అదేం మాట? హామీ నాది. పంపు!”

“సరే. మీ హామీ మీదే పంపుతున్నా.”

“గోడ పట్టుకో బావా.”

“పట్టుకున్నా.”

“...కదల్లేదేంరా?”

“అక్కా? పంపావా?”

“ఏయ్, వినబడుతోందా? ఏదో ధడాల్మంది! ఎక్కడది? ఏమే!”

“అక్కా!”

“...ఉన్నాను. అరవకండి.”

“ఏంటా చప్పుడు?”

“లాప్‌టాప్ ఒళ్ళోంచి జారిపడింది.”

“లాప్‌టాప్ పడితే భవనం అదురుతుందా?”

“బరువైన లాప్‌టాప్. మీ లిఫ్టుకి నేనింకా ఏమీ పంపలేదు. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నా, ఈసారి మొగుడిలా కాకుండా ఇంజినీర్‌లా చెప్పండి. ఇరవై మూడు బైట్ల సంగతేమిటి?”

“నీకు రొప్పొస్తోందేం?”

“సంగతి చెప్పండి!”

“చెప్తా, చెప్తా. ఇదివరకు కంపైలర్ దగ్గర చిన్న చెంచాలే ఉండేవి. మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చెయ్యాలంటే చెంచా చెంచాగా తోడేది. ఈ కొత్త చిప్‌లో వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. అంటే పెద్ద గరిటె. ఒక్క ముంచుకి పదహారు బైట్లు.”

“ఇరవై మూడులో పదహారు పోతే ఏడు మిగిలాయి. ఆ ఏడింటికీ ఏమిటండీ?”

“అక్కడే... అక్కడే నా తెలివి. ఏడింటి కోసం మళ్ళీ చెంచాలు వెతికితే మూడు విడతలు పడుతుంది, నాలుగు, రెండు, ఒకటి. అందుకని గరిటెని కాస్త వెనక్కి జరిపి, చివరి పదహారూ కలిపి ఇంకోసారి ముంచుతాను. రెండు ముంచులతో పని అయిపోతుంది.”

“వెనక్కి జరిపితే మధ్యలో ఉన్నవి రెండుసార్లు పడవా?”

“తొమ్మిది బైట్లు పడతాయి. పడితే ఏం? ఉన్న అక్షరం మీద అదే అక్షరం మళ్ళీ రాస్తే అక్షరం మారుతుందా? గోడకి రెండోసారి సున్నం వేస్తే గోడ కూలుతుందా?”

“బావా... అది గోడ కాదు. మోటారు బోర్డు. అక్కడ బైటు పడిందంటే ఆర్డరు అందినట్టు.”

“నీ ఆర్డరు ఎన్నో బైటులో ఉంది?”

“పదోది.”

“ఖర్మ! సరిగ్గా మధ్యలో పెట్టావు.”

“అంటే ఒక మీటరు దిగమంటే రెండుసార్లు దిగుతుందా? తిన్నగా గోతిలోకే కదా! అక్క గనక ఇందాక పంపి ఉంటే...”

“పంపలేదుగా! అయినా తప్పు నీది. అది మామూలు మెమరీ కాదు, ముట్టుకుంటే పనిచేసే చోటు అని కంపైలర్‌కి చెప్పొద్దూ? దానికి వోలటైల్ అనే మాట ఉంది. అది కనబడితే నా గరిటె దగ్గరికి కూడా రాదు. రాశావా?”

“రాశాను.”

“రాస్తే ఏదీ?”

“...తీసేశాను.”

“ఎందుకు?”

“అది రాసి కాపీ చెయ్యమంటే నీ కంపైలర్ ఒకటే సణుగుడు, వార్నింగుల మీద వార్నింగులు. నోరు మూయించాను.”

“నోరు మూయించావా? అది మొత్తుకున్నది నిన్ను కాపాడటానికిరా! స్కూల్లో కాపీ కొట్టి దొరికావు, ఇప్పుడూ కాపీ దగ్గరే దొరికావు.”

“నువ్వు మాత్రం? ఆ ఇరవై మూడు వినగానే నీకు తెలిసిపోయింది. తెలిసీ పంపమన్నావు! కంపైలర్ వెనకభాగం బ్యాకెండ్ రాసీ రాసీ ముందుచూపు పోయింది నీకు!”

“తెలియలేదురా. అనుమానం వచ్చింది. అనుమానం వేరు, తెలియడం వేరు.”

“అనుమానమెందుకొచ్చిందండీ?”

“నువ్వింకా వింటున్నావా?”

“వినక ఎక్కడికి పోతాను? ఎందుకొచ్చింది?”

“...పోయిన వారం, దీన్ని ముందుగా వాడి చూస్తున్నవాడొకడు నాకు రాశాడు. ఏదో యంత్రం, ఒకసారి తిరగమంటే రెండుసార్లు తిరుగుతోందట. భాష నియమాల ప్రకారం కంపైలర్ చేసింది సబబే, మీ ప్రోగ్రాం దిద్దుకోండి అని జవాబిచ్చి మూసేశాను.”

“సబబే?”

“నియమం ప్రకారం సబబే!”

“కిర్రుమంటోంది బావా. ఈసారి ఎక్కువ జారాం. బైట్ల గొడవ ఆపు, ముందు బైటపడే దారి చూడు.”

“ఆలోచిస్తున్నా. పదహారు... పదహారు... ఒరేయ్, ఆ మెసేజీ చివర ఏముంది?”

“లిఫ్టు పలికే పేరు. ‘కింది అంతస్తు’, ‘ఒకటో అంతస్తు’ అని ఆడగొంతుతో చెప్తుంది కదా. ఆఖరి ఏడు బైట్లూ ఆ పేరు కోసమే. ఎంత ముద్దుగా పలుకుతుందో!”

“దాని ముద్దు తగలెయ్య. పలుకు ఆపేస్తే?”

“ఆపేస్తే ఆ ఏడూ వెళ్ళవు. పదహారే... బావా! పదహారే!”

“పదహారంటే ఒక్క ముంచు. వెనక్కి జరగడం లేదు, రెండోసారి లేదు. ఏమే, విన్నావా? లిఫ్టు నోరు మూయించి పంపు!”

“ఇదీ హామీయేనా?”

“ఇది లెక్క.”

“మీ తమ్ముడు... కాదు, నా తమ్ముడు ఏమంటాడు?”

“ఏంటక్కా, మాట తడబడుతోంది? బావ చెప్పింది కరెక్టే. పలుకు స్విచ్చి మొదటి పేజీలోనే ఉంది.”

“ఆపేశాను. ఒక్క నిమిషం ఆగండి.”

“నిమిషం ఎందుకు? బ్రేకు జారుతోంది, పంపెయ్యి!”

“ఆగమన్నానా! ...హమ్మయ్య.”

“దేనికి హమ్మయ్య? ఇంకా మేం కదల్లేదే!”

“మాట్లాడకుండా నిలబడండి. ఇప్పుడు మీకు పంపుతున్నా.”

“బావా, కదుల్తోంది!”

“మెల్లగా... మెల్లగా... ఆగింది. ఒక్కసారే ఆగింది! చూశావా నా లెక్క?”

“నీ లెక్కకి దండం. తలుపు తెరుచుకో తల్లీ... అమ్మయ్య, వెల్తురు! అక్కా? నువ్విక్కడున్నావేంటి?”

“ఎదురుచూస్తున్నా.”

“చూశావుటే! నా కంపైలర్ దించింది, నా కంపైలరే తేల్చింది. దీనికోసం సాయంత్రం విడుదల ఆపక్కర్లేదు. వాడు ఆ వోలటైల్ మాట మళ్ళీ రాసుకుంటాడు, అయిపోతుంది.”

“ఆ పోయిన వారం రాసినాయనకి?”

“తర్వాత చూద్దాం. నియమం ప్రకారం... అదేంటి, కుంటుతున్నావేం? మోచెయ్యేంటి అలా గీరుకుపోయింది? మోటారు గది మెట్ల మీద పరిగెత్తుకుంటూ దిగావా?”

“దిగలేదు. ఎక్కాను.”

“కిందికి రావడానికి ఎక్కడమేంటక్కా?”

“పక్క లిఫ్టులోంచి. రెండూ ఒకేసారి పరీక్షిస్తున్నాం కదరా, మీతోపాటు అదీ మీ ఎత్తులోనే గోడ మధ్యలో ఆగింది. ఆఖర్న ఒక మీటరు పైకొచ్చి బయటపడ్డా.”

“ఒక మీటరు పైకా? అంటే గోతిలోంచా? స్ప్రింగుల మీంచా? ఇందాకటి ఆ చప్పుడు...”

“మీరు హామీ ఇచ్చారు కదండీ. అందుకని ముందు నా లిఫ్టుకే పంపుకున్నాను.”