పెద్దోడి పళ్ళెంలో తలకాయ

గోపాల్‌పూర్ హోటల్లో వంట ఉద్యోగానికి పరీక్షకు వెళ్ళి వచ్చిన మనవరాలూ, ఆమె కోసం గేటు బయటే కాచుకుని ఉన్న తాతా బరంపురం బస్సు కోసం నా ముందే నిలబడ్డారు.

"మొకం అలాగుందేటే? ఫ్రెంచోల సేపల సూపు మాడ్చీసావా?"

"మాడలేదు తాతా. తలకాయ, ముళ్ళు సన్న సెగ మీద ఉడికించాను. నురుగు తీసాను. గరిటెట్టి కలపకుండా వడగట్టాను."

"మరేటి?"

"వడగట్టాక తలకాయ పారెయ్యాల. నా సెయ్యి ఆగలేదు. బల్ల దగ్గర అందరికన్నా పెద్దోడు పరీక్షెట్టిన హెడ్ కుక్కే గదా, ఆయన పళ్ళెంలో ఎట్టీసాను."

"పెద్దోడికి తలకాయెట్టక తోకెడతారేటి? నాను పట్టిన కోనెం సేప తలకాయొకటి మా అయ్య తినడం మొదలెడితే, అది అయ్యేలోగా రెండు తుఫాన్లొచ్చి ఎల్లిపోనాయి."

"ఆటలాడకు తాతా. పక్కనున్నోలంతా నవ్వీసారు. ఈ ఉద్యోగం రాకపోతే నాన్న మల్లీ ఎండుసేపల గంప నా నెత్తికెత్తీస్తాడు."

"ఆ ముసిలోడూ నవ్వాడా?"

"లేదు. సూపు తాగాడు. తర్వాత సెంచా పక్కనెట్టి, సేత్తో తలకాయంతా సీకీసాడు."

"ఏటన్నాడు?"

"సెయ్యి కడుక్కుని, రేపు నురుగు ఇంకా సుబ్బరంగా తియ్యమని ఒడియాలో కసిరాడు."

"రేపా?"

మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎర్రిమొకమా! ఉద్యోగం వచ్చిందని సెప్పడానికి ఏడుస్తావేటే?"