నీళ్లు తగలని ఫ్లాస్కులు

తొంభై ఎనిమిది ఎండాకాలం బాబూ. మన అరకు కాలేజీలో కొళాయి పది రోజులు ఎండిపోయింది. ఆ సంగతి ఏ కాగితంలోనైనా ఉందేటి? ఉండదు. మీకు ముందు ఇక్కడ పనిసేసిన జీవిత మేడమ్ అబద్ధం రాసిందని మాత్రం అందరూ అంటారు. నిన్నగాక మొన్న లెక్చరరుగా వచ్చినారు, మీరూ అదే మాటా కామేష్ బాబూ?

అయ్యో, ఆ సీసా పారబోయకండి! దాని మీద ‘అల్లైల్’ అని ఆవిడ మందు పేరు రాసింది నేనే. రాత్రి బడిలో నేర్చిన అక్షరాలు. వంకరగా ఉంటే ఉన్నాయి.

ఆరేళ్లు ఆవిడ ఆ మందుతోటే కుస్తీ పట్టింది. గొలుసులా అతుక్కుని గట్టిపడాలంట. నాలుగు లంకెలకే తెగిపోద్దంట. ఎంత వేడి పెట్టినా నూనెలాగే ఉండేది.

ఆ ఎండల్లో ఒకనాడు, ఆవిడ ఏదో కొత్త పొడి కలిపితే, రెండు ఫ్లాస్కుల్లో సిక్కబడింది. పుల్ల ముంచి లాగినాను. కొండల్లో తపసి సెట్ల జిగురు తీసినోణ్ని, నాకు తెలీదా? తీగ సాగింది! “గాసి తాతా, నా కొత్త పొడి పనిసేసింది!” అని గంతులేసింది. అదే రాసి యూనివర్సిటీకి పంపింది.

అక్కడి పెద్దలు ఆ పొడితో సేసి సూసినారు. నూనె. ఆవిడ మళ్లీ సేసింది. నూనె. అప్పటికి వానలు పడి, కొళాయి నిండా నీళ్లు.

ఇంకా తెలీలేదా? సదువుకున్నోరు!

ఫ్లాస్కులు కడిగేది నేను. ముందు యాసిడ్, తర్వాత మూడుసార్లు నీళ్లు. ఆ పది రోజులూ నీళ్లేవీ? యాసిడ్ వంపేసి వదిలేసినాను. అడుగున మిగిలిన ఆ యాసిడే గొలుసు తెగకుండా పట్టింది. తర్వాత నేనే ఆ మందులో యాసిడ్ కలిపి సూసినాను. ఆ సీసాలోది అదే. పుల్ల ముంచండి, మీకే తెలుస్తాది.

“తాతా, సరిగ్గానే కడిగినావా?” అని అడిగింది ఒకసారి. ఒకే ఒక్కసారి. “నా సేతిపనికి వంక పెడతావేటి గుంటా?” అని కసిరినాను. మళ్లీ అడగలేదు. అప్పుడు సెప్పుంటే, పొడి మాట కొట్టేసి యాసిడ్ మాట రాసుండేది. నిజం రాసుండేది.

సెప్పలేదు. గాసి కడిగిన గాజు మురికని ఎవడూ అనకూడదు కదా!

ఆవిడకి డాక్టరేట్ రాలేదు. ఉద్యోగం వదిలేసి రంపచోడవరం వెళ్లిపోయింది. ఆరేళ్ల పని పోయింది.