దడ ఎందుకు తగ్గింది?

వంటింటి గుమ్మంలో నిలబడి, బస్సు డ్రైవరు కాఫీ గ్లాసును అనుమానంగా వాసన చూశాడు.

"నాకీమధ్య గుండెదడ రావట్లేదు. ఇందులో ఏం కలుపుతున్నావే?"

"తగ్గినందుకు సంతోషించక, ఈ ఆరాలేంటండీ?" అంది భార్య.

"ఉన్నట్టుండి ఎలా తగ్గుతుంది? మాత్రలు నూరి పోస్తున్నావా?"

"మీమీద ఒట్టు, ఏమీ కలపలేదు. ఉన్నదే తీసేశాను. అది కాఫీ కాదు, వేయించిన బార్లీ పొడి. తిండి మానేసి రోజంతా కాఫీ మీదే బతికితే దడ రాక ఏమొస్తుంది?"

"పొద్దున్నే వెంటపడి టిఫిన్ తినిపిస్తున్నదీ అందుకేనా?"

"అందుకే."

అతనికి ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ నా కళ్లుగప్పావన్నమాట! నాకు తెలియకుండా ఇంకేం మార్చావు?"

ఆవిడ అటు తిరిగి, కడిగిన గిన్నెనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"చెప్పవేం?"

"చెప్తే మళ్లీ దడ వస్తుందండీ."